స్వీట్లు మానేసినా షుగర్ దిగట్లేదా? ఏ పూట పెరుగుతోందో చూడండి

చక్కెర మానేశాను, అరటిపండు ముట్టట్లేదు, అయినా తగ్గదేం అని మా నాన్న ఏడాది పాటు సణిగారు. అంకె ఎంతుందో కాదు, ఏ టైంలో ఉందో చూస్తే దొంగ దొరుకుతాడు. మామూలుగా పరగడుపున 80-130, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు ఉండాలంటారు. మీ డాక్టర్ వేరే లెక్క చెబితే మీకు అదే లెక్క.

టిఫిన్ తర్వాత బాగా పెరుగుతోంది
మా ఇంట్లో దొంగ రాగిజావ. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి గ్లాసుడు గటగటా తాగేస్తే నమిలే పనే ఉండదు, పిండిపదార్థం చకచకా అరిగి రక్తంలో కలిసిపోతుంది. జావ తాగిన రోజు 236 వచ్చింది, రెండు పెసరట్లు తిన్న రోజు 171. నాన్న నమ్మక మళ్లీ వేలు గుచ్చుకున్నారు!

మధ్యాహ్నం భోజనం తర్వాత
కారణం అందరికీ తెలిసిందే, అన్నం కుప్ప. కంచంలో ముందు కూర, పప్పు వేసుకుని సగం తిన్నాక అప్పుడు అన్నం పెట్టుకోండి, అదీ కప్పుతో కొలిచి. కొర్రలైనా, దంపుడు బియ్యమైనా కొలత కొలతే. తినగానే మంచం ఎక్కకుండా పావుగంట నడిస్తే కండరాలు ఆ గ్లూకోజ్‌ని వాడేసుకుంటాయి. వరండాలో అటూ ఇటూ తిరిగినా చాలు.

పరగడుపునే ఎక్కువ
రాత్రి ఏమీ తినకపోయినా ఇలా ఉండొచ్చు, ఎందుకంటే తెల్లవారుజామున హార్మోన్ల వల్ల లివర్ తనంతట తానే గ్లూకోజ్ వదులుతుంది. అందుకే నాలుగు రోజులు పడుకునే ముందు కూడా చూసి రాసిపెట్టుకోండి. పడుకునేటప్పుడే 210 ఉంటే తప్పు రాత్రి భోజనానిది, ఎనిమిదిలోపు ముగించి, అన్నమైనా చపాతీలైనా తగ్గించండి. పడుకునేటప్పుడు 130 ఉండి పొద్దున 170 అయితే కడుపు మాడ్చుకుని లాభం లేదు, ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి, మందు మోతాదో టైమో మార్చాల్సి రావచ్చు. నిద్ర సరిగా లేకపోయినా, టెన్షన్ ఉన్నా పెరుగుతుంది.

ఉన్నట్టుండి వింత అంకె
మామిడిపండు కోసిన చేత్తో టెస్ట్ చేశారేమో! సబ్బుతో కడిగి, తుడిచి, మళ్లీ చూడండి.

తిండి తగ్గించాక చెమటలు, వణుకు
ఇది పెరగడం కాదు, పడిపోవడం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు అన్నం సగానికి తగ్గించే ముందే డాక్టర్‌కి చెప్పాలి. 70 కంటే తగ్గితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూడండి. మనిషి మగతలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

300 దాటి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉన్నా అంతే, జావా పెసరట్టా అని లెక్కలు వేసుకోకుండా వెంటనే బయల్దేరండి.