కొట్టినచోటే మళ్ళీ లాంటానా: రిజర్వు అడవుల్లో సమస్య – కారణం – పరిష్కారం

ఎరుపు, పసుపు, గులాబీ పూలగుత్తులతో అడవి అంచుల్లో కనిపించే లాంటానాను కొన్ని ఊళ్ళలో పులికంప అనీ, కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టు అనీ పిలుస్తారు. ఉష్ణమండల అమెరికాకు చెందిన ఈ పొదను 19వ శతాబ్దం తొలినాళ్ళలో తోటల అందం కోసం కలకత్తాకు తెచ్చారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పులులు తిరిగే అడవుల విస్తీర్ణంలో ఇది 40 శాతానికి పైగా ఆక్రమించింది. నల్లమల, కవ్వాల్ వంటి అడవుల్లో దీనిని తొలగించే పనిలో ఉన్న బీట్ (అటవీశాఖలో అతి చిన్న విభాగం) సిబ్బందికీ, వన సంరక్షణ సమితుల సభ్యులకూ, వారికి తోడుగా వెళ్ళే స్వచ్ఛంద కార్యకర్తలకూ తరచుగా ఎదురయ్యే సమస్యలను ఇక్కడ చర్చిస్తున్నాను.

రిజర్వు అడవిలో కలుపు మొక్కనైనా సరే అటవీశాఖ అనుమతి లేకుండా తొలగించకూడదు. అభయారణ్యాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత కఠినంగా వర్తిస్తుంది. పులుల రక్షిత ప్రాంతంలోనైతే ఈ పని అక్కడి సంరక్షణ ప్రణాళికలో భాగమై ఉండాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సాముదాయిక అటవీ వనరులపై హక్కు పొందిన గ్రామాల్లో గ్రామసభకు కూడా ఇందులో మాట ఉంటుంది. కనుక ముందుగా రేంజ్ అధికారితోను, గ్రామసభతోను మాట్లాడిన తరువాతే పనిముట్లు పట్టుకోవాలి.

మొదటి లక్షణం: ఎండాకాలంలో నేలమట్టానికి కొట్టిన పొద వానలు పడగానే మునుపటికంటే గుబురుగా లేచింది

కారణం పొద మొదట్లోనే ఉంది. లాంటానా కాండం వేరుతో కలిసేచోట, అంటే నేలకు కాస్త పైనా కిందా, నిద్రాణమైన మొగ్గలు గుంపుగా ఉంటాయి. కత్తితో పైభాగాన్ని నరికినప్పుడు ఆ మొగ్గలన్నీ ఒకేసారి మేలుకొని, ఒక కాండం ఉన్నచోట అనేక కొమ్మలను పంపుతాయి. నరకడం తేలిక, ఒక రోజులో ఎక్కువ విస్తీర్ణం పూర్తయినట్టు కనిపిస్తుంది కనుక చాలాచోట్ల ఇదే పద్ధతి కొనసాగుతోంది. నా దృష్టిలో ఇది డబ్బు పెట్టి పొదను సాగు చేయడమే.

పరిష్కారం ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఆర్. బాబు, ఆయన సహచరులు రూపొందించి, కార్బెట్ పులుల రక్షిత ప్రాంతం వంటిచోట్ల అమలుచేసి చూపిన వేరు కోత పద్ధతి. ఇందులో ఒకరు కొమ్మలను ఒకవైపుకు వంచి పట్టుకుంటే, మరొకరు చిన్న గునపంతోనో, పొడవు పిడి ఉన్న పారతోనో మొదలు చుట్టూ మట్టిని కొద్దిగా తప్పించి, మొగ్గలుండే భాగానికి దిగువన, నేలలో సుమారు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున ప్రధాన వేరును ఒక్క దెబ్బతో తెంచుతారు. ఆ మీదట పొదను ఎత్తి వేరుభాగం ఆకాశంవైపు ఉండేలా తలకిందులుగా పెడతారు. మొదలు మట్టికి తగిలితే మళ్ళీ వేళ్ళూనుతుంది. అలా పెడితే ఎండకు చస్తుంది. వేరును మొత్తంగా పెకలించనక్కరలేదు, ఎందుకంటే మొగ్గలు లేని కింది భాగం నుంచి కొత్త కాండం రాదు. తవ్వకం తక్కువ కనుక నేల కూడా పెద్దగా చెదరదు.

వానలు మొదలై నేల మెత్తబడిన తరువాత, కాయలు పండకముందు ఈ పని చేయడం మేలు. నల్లమల వంటిచోట్ల పొద లోపల ఎలుగుబంటి పడుకొని ఉండవచ్చు, పాములు తప్పకుండా ఉంటాయి. అందుచేత గుంపుగా, చప్పుడు చేసుకుంటూ వెళ్ళాలి; చేతికి తొడుగులు, కాళ్ళకు గమ్‌బూట్లు లేనివారిని పనిలోకి దింపకూడదు. ఇంకొక జాగ్రత్త చాలామంది మరిచిపోతారు. పశువుల నోటికి అందకుండా ముళ్ళకొమ్మల చాటున తునికి, నల్లమద్ది, ఉసిరి, ఏపె మొలకలు పెరుగుతుంటాయి. పొదను లాగే ముందు వాటిని వెతికి, పక్కన రంగు గుడ్డ కట్టిన పుల్ల పాతి గుర్తు పెట్టుకోవాలి. అవే రేపటి అడవి కనుక వాటిని తొక్కేస్తే పని ఖర్చు రెండింతలవుతుంది.

రెండవ లక్షణం: వేరుతో సహా తీసినా, మరుసటి ఏడాది వందలాది మొలకలు వచ్చాయి

మొలకలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూస్తే కారణం అర్థమవుతుంది. అవి ఎక్కువగా పెద్ద చెట్ల కింద, వాగుల ఒడ్డున ఉంటాయి. పిగిలిపిట్టలు, గోరువంకలు నల్లగా పండిన లాంటానా కాయలు తిని చెట్లపై వాలి, అక్కడే రెట్ట వేస్తాయి. ఇదివరకే మట్టిలో చేరిన విత్తనాలు కూడా వెలుతురు తగలగానే మొలకెత్తుతాయి. కాయలతో ఉన్న పొదలను తీసి అడవి బాటల మీదుగా ఈడ్చుకెళ్ళడం వల్ల మనమే విత్తనాలు చల్లిన సందర్భాలూ ఉంటాయి. అందువల్ల కాయలు పట్టిన పొదను తీయవలసివస్తే తీసినచోటే కుప్ప వేసి ఎండనివ్వాలి.

పక్షులు వాలే చెట్లను, వాగు మలుపులను పటంలో గుర్తించి, వానలు వచ్చిన రెండు నెలలకు ఒకసారి, వానలు వెనుదిరిగాక మరొకసారి అక్కడికి వెళ్ళి మొలకలను చేత్తో పీకించాలి. మొదటి ఏడాది మొలకకు వేరు లోతుకు పోదు కనుక తడి నేలలో పిల్లలు కూడా లాగేయగలరు. ఈ తనిఖీ కనీసం మూడేళ్ళు సాగాలి. మొదటి ఏడాది తొలగింపుకే నిధులన్నీ ఖర్చుపెట్టి తరువాతి రెండేళ్ళకు పైసా ఉంచని ప్రణాళికను ఆమోదించడం కన్నా, ఆ స్థలాన్ని ముట్టుకోకుండా వదిలేయడం నయం.

మూడవ లక్షణం: లాంటానా పోయింది, ఆ స్థానంలో సీమ తులసి, వయ్యారిభామ అనే కలుపు మొక్కలు వచ్చాయి

ఖాళీ నేల ఖాళీగా ఉండదు. పొదలు తీసినచోట వెలుతురు, చెదిరిన మట్టి, పోటీ లేని చోటు ఒక్కసారిగా దొరికితే, ముందుగా అందుకునేవి విత్తనాలను విరివిగా వెదజల్లే మొక్కలే. జేసీబీతో చదును చేసినచోట ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ యంత్రం లాంటానాతోపాటు గడ్డి దుబ్బులనూ, చెట్ల మొలకలనూ, పైపొర మట్టినీ కలిపి తోసేస్తుంది. అడవి లోపల ఈ పనికి జేసీబీని అనుమతించకూడదని నా నిశ్చితాభిప్రాయం.

తొలగింపుకు ముందే గడ్డి సిద్ధంగా ఉండాలి. అదే అడవిలో ఇంకా బాగున్న పచ్చిక నుంచి, వానాకాలం చివర బోదగడ్డి, హెటెరోపోగాన్, డైకాంథియం, థెమెడా జాతుల గింజలను స్థానికుల చేత ఏరించి, నీడలో ఆరబెట్టి దాచుకోవాలి. నల్లమలలోనైతే ఏ గడ్డి ఎక్కడ నిలుస్తుందో, దుప్పులు, కణుజులు దేనిని ముందుగా మేస్తాయో చెంచులకు తెలిసినంతగా ఏ నివేదికలోనూ కనిపించదు. వారిని కూలీలుగా మాత్రమే పిలిచి ఆ తెలివిని వదులుకోవడం అవివేకం. పొద తీసిన వారంలోపే గింజ చల్లడమో, నర్సరీలో పెంచిన దుబ్బులు నాటడమో జరగాలి. గడ్డి నేలను కప్పేదాకా, అంటే రెండు వానాకాలాలపాటు, పశువుల మేతను ఆపాలి. దీనికి ఊరివారి ఒప్పుదల కావాలి. అది ముళ్ళకంచెతో రాదు, మేతకు మరో చోటు చూపిస్తేనే వస్తుంది.

పశువుల సంగతి వచ్చింది కనుక ఒక మాట. అడవికి తోలిన పశువుకు కళ్ళు పచ్చబడి, ఎండ తగిలినచోట చర్మం పగిలి, మేత మానేస్తే లాంటానా ఆకు తిన్నదేమోనని అనుమానించాలి. ఆ ఆకులోని లాంటాడీన్లు అనే విషపదార్థాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పశువును వెంటనే నీడకు చేర్చి పశువైద్యుణ్ణి పిలవాలి.

నాలుగవ లక్షణం: కార్చిచ్చు వచ్చిపోయిన తరువాత పొదలు తగ్గకపోగా పెరిగాయి

లాంటానా ఎండుకొమ్మలు మంటను నేలనుంచి చెట్ల కొమ్మల దాకా ఎక్కిస్తాయి. తీవ్రమైన ఆ మంటకు స్థానిక మొలకలు చనిపోతాయి, లాంటానా మాత్రం మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. కాబట్టి తగలబెట్టడం పరిష్కారం కాదు. అయితే కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్టలో నివసించే సోలిగ గిరిజనులు, ఎండాకాలం తొలిదశలో తాము పెట్టుకునే చిన్న ఆకుమంటలను నిషేధించాకే లాంటానా విజృంభించిందని చెబుతారు. నిపుణుల మధ్య ఈ చర్చ ఇంకా తెగలేదు. ముదిరిన పొదల మధ్య నిప్పు పెట్టడానికి మాత్రం ఈ వాదనను సాకుగా వాడుకోకూడదు. ఎండాకాలానికి ముందే అగ్నిరేఖల (మంట పాకకుండా శుభ్రం చేసి ఉంచే బాటల) వెంట ఉన్న పొదలను తీయించడం తక్షణ కర్తవ్యం.

ఐదవ లక్షణం: అడవి అంచున, చెరువు శిఖంలో సర్కారు తుమ్మ ఎంత కొట్టినా తగ్గడం లేదు

ఇది పరాయి మొక్కే అయినా మన ప్రాంతానికి బాగా పాత కాపు. 1877లో వంటచెరకు కొరత తీర్చే ఉద్దేశంతో కడప జిల్లా కమలాపురం వద్ద దీనిని నాటారు. ఈ చెట్టు కూడా నేలమట్టానికి నరికితే మొదలు నుంచి గుత్తులుగా చిగురిస్తుంది. బొగ్గు కోసం నరికేవారికి అది లాభమే కావచ్చు గాని అడవికి కాదు. మొగ్గలుండే వేరు మెడకు దిగువన, చెట్టు వయసును బట్టి 10 నుంచి 30 సెంటీమీటర్ల లోతున వేరును తెంచాలి. తియ్యని కాయలను మేకలు, పశువులు తిని పేడతోపాటు విత్తనాలను దూరంగా చేరవేస్తాయి కనుక, కాయలు రాలే నెలల్లో ఈ చెట్ల కిందికి మందను తోలి, అక్కడి నుంచి శుభ్రమైన అడవి భాగంలోకి మళ్ళించకూడదు.

ఆరవ లక్షణం: ఏటా తొలగించిన హెక్టార్ల లెక్క పెరుగుతోంది, అడవిలో మార్పు లేదు

లక్ష్యాన్ని తొలగించిన విస్తీర్ణంతో కొలవడం వల్ల అందరూ ఒత్తుగా ఉన్న పొదల నడుమ నుంచి మొదలుపెడతారు. అక్కడ శ్రమ ఎక్కువ, నిధులు త్వరగా అయిపోతాయి, చుట్టూ ఉన్న పొదల నుంచి విత్తనాలు వెంటనే తిరిగి చేరతాయి. ఈ వరుసను తిప్పాలి. మొదట పొదలు పలుచగా, స్థానిక గడ్డి ఇంకా బతికి ఉన్నచోట తొలగించి, అక్కడి నుంచి మెల్లగా దట్టమైన భాగంవైపు జరగాలి. వాగు వెంబడి పని ఎగువ నుంచి దిగువకు సాగాలి, లేకపోతే ప్రతి వరదా పైనున్న విత్తనాలను కిందికి తెస్తుంది.

రికార్డులోనూ మార్పు అవసరం. ప్రతి ప్లాటులో ఒక స్థిరమైన రాయిని గుర్తుగా పెట్టుకొని, ఏటా అక్టోబరులో అదే చోటు నుంచి అదే దిక్కుకు ఫొటో తీసి, లాంటానా మొలకల సంఖ్య, గడ్డి కప్పిన భాగం, స్థానిక చెట్ల మొలకల సంఖ్య అనే మూడు అంకెలను బీట్ పుస్తకంలో రాయించాలి. మూడో ఏటి అంకెలు సరిగా లేని ప్లాటును పూర్తయినదిగా చూపకుండా, తరువాతి సంవత్సరపు కొత్త విస్తీర్ణానికి కేటాయించిన నిధుల నుంచే దానికి తిరిగి ఖర్చు పెట్టాలి.