లావెండర్ నూనె, ఇంటి మూలికలు వాడే ముందు

చెన్నైలో జలుబు చేయగానే మనవాళ్లు కుండీలో వాము ఆకు తుంచుతారు, నిద్ర పట్టకపోతే లావెండర్ నూనె కొంటారు. వాడండి, కానీ ముందు ఇవి చూసుకోండి.

– సీసాలో ఉన్నది మొక్క నుంచి తీసిన అసలు ఎసెన్షియల్ ఆయిలా, ఉత్త సెంటా?

– నూనె తాగొద్దు, నేరుగా ఒంటికి రాయొద్దు. 30 మి.లీ. కొబ్బరి నూనెలో 12 చుక్కలు చాలు. మోచేతి మడతలో కొంచెం రాసి 24 గంటలు ఆగండి, ఎర్రబడినా దురద పెట్టినా ఇక దాని జోలికి వెళ్లొద్దు. మూత గట్టిగా బిగించండి, ఎందుకంటే గాలి తగిలేకొద్దీ అందులోని లినలూల్ అనే వాసన పదార్థం మారిపోయి ఎలర్జీ తెస్తుంది, మన ఎండలకు కిటికీ పక్కన పెడితే మరీ త్వరగా.

– మైలాపూర్ నాటు మందుల కొట్లో అతిమధురం కొనేవాళ్లలో బీపీ ఉన్నవాళ్లు రోజూ నమలొద్దు. అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

– పసిపిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం అందనివ్వకండి. మింగితే ఫిట్స్ రావొచ్చు, ఇది నిజంగా భయపడాల్సిన విషయం.

– గర్భిణులు, నిద్రమాత్రలు, షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ దగ్గరపడినవాళ్లు ‘ఆకులే కదా’ అనుకోకుండా డాక్టరుకి ప్రతి మూలిక పేరూ చెప్పండి.