బుల్లెట్ ఎయిర్ ఫిల్టర్‌లోకి ఆయిల్ రాకుండా

అనంతపురంలో మా షెడ్డుకు ఎండాకాలం వచ్చే పాత కార్బురేటర్ బుల్లెట్లలో చాలావాటికి ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంటుంది. బెంగళూరు హైవే మీద గట్టిగా తోలితే క్రాంక్‌కేసులో (ఇంజిన్ అడుగు పెట్టెలో) ఒత్తిడి పెరిగి, ఆయిల్ తుంపర ఆ ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు గుండా ఫిల్టర్ బాక్సులోకి పోతుంది.

ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఎక్కువ పోసి ఉంటే తీసేయండి, చాలా బండ్లకు అదే మందు.

అప్పటికీ వస్తుంటే, ఇంజిన్ చల్లారాక బాక్సు దగ్గర బ్రీదర్ పైపు ఊడదీయండి. అక్కడి రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టి క్లిప్పు బిగించండి. ఆ రంధ్రం ఫిల్టర్ దాటిన వైపుంటే, మూయకపోతే మన దుమ్మంతా నేరుగా సిలిండర్‌లోకే. ఆయిల్‌కు తట్టుకునే అంతే లావు పైపును బ్రీదర్‌కు తగిలించి, మడత పడకుండా ఒక గట్టి సీసాలోకి దించండి. సీసా మూతకు గాలి పోయే రంధ్రం తప్పనిసరి. బ్రీదర్‌ను మాత్రం ఎప్పుడూ మూసేయకండి, ఆయిల్ సీళ్లు కారతాయి. పైపును ఊరికే కిందికి వదలకండి! వెనక టైరు మీద ఆయిల్ పడితే ప్రాణాలకే ముప్పు. సీసాను సైలెన్సర్‌కు దూరంగా బిగించి, నిండకముందే ఖాళీ చేయండి.

బీఎస్‌-6 కాలుష్య నిబంధనల కింద వచ్చిన బండ్లకు ఇది చేయకూడదు. వాటిలో బ్రీదర్ నుంచి వచ్చే ఆవిరి ఇంజిన్‌లోనే కాలిపోవాలి.