వానలు పడేలోపు పాత జీపుకి చెయ్యాల్సిన పనులు

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, కొరాపుట్ వైపు పాత మహీంద్రా జీపులు నడుపుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. కమాండర్, మేజర్, ఎంఎం 540, ఏదైనా పని దాదాపు ఒకటే. జూన్ మధ్యకి వానలు అందుకుంటాయి, ఆ తర్వాత సంత రోజుల్లో బండి ఆపుకుని కూర్చోలేం కాబట్టి ఇప్పుడే చేసుకోవాలి. మన దగ్గర చాలామంది ముందు పెద్ద టైర్లకీ లైట్లకీ డబ్బులు పెడతారు, నాకది అస్సలు నచ్చదు. ముందు బ్రేకులు చూడండి, తర్వాత నీళ్లు దూరే చోట్లు, డబ్బులు మిగిలితే అప్పుడు సోకులు.

పానా పట్టే ముందు ఒక్క మాట. పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుంచి ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే పెట్టె) వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపారంటే అది గాల్లో తిరుగుతుంది, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల నేల మీదున్న రెండోది కూడా తిరగడానికి వీలొస్తుంది, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉన్నా బండి దొర్లిపోతుంది. గేర్‌లో వేసి ఉంచినా నమ్మకం లేదు. అందుకని ముందు చక్రాలు రెండింటికీ అటూ ఇటూ రాళ్లు పెట్టి, జాకీ కింద మందపాటి చెక్క వేసి, లేపాక యాక్సిల్ కింద స్టాండులు గానీ గట్టి కర్ర మొద్దులు గానీ పెట్టండి. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ వద్దు, బరువు పడితే చెప్పకుండా పగిలిపోతాయి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఒక్క నిమిషానికైనా దూరకండి.

డ్రమ్ములు నాలుగూ ఊడదియ్యండి. బ్రేకు షూలని తోసే వీల్ సిలిండర్ చివర రబ్బరు బూటు ఉంటుంది, దాన్ని గోటితో కొంచెం ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే ఆయిల్‌ని ఆపే రబ్బరు కప్పులు పోయాయన్నమాట. మారిస్తే ఆ యాక్సిల్‌కి రెండు వైపులా మార్చాలి, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగేస్తుంది. షూల మీది పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్ముని గాలి పైపుతో ఊదకండి, తడిగుడ్డతో తుడిచి గుడ్డని కవర్లో మూటకట్టి పారెయ్యండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే సాలూరు ఘాట్‌లాంటి చోట దిగుతూ దిగుతూ వేడెక్కి అందులో తేమ ఆవిరవుతుంది, పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. పాతదంతా దించేసి కొత్తది పోసి గాలి తీయించండి. బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీద రాసిన గ్రేడు తప్ప వేరేది పొయ్యకండి, ఇంజిన్ ఆయిల్ పొరపాటున కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి.

ఇక నీళ్లు. యాక్సిల్ హౌసింగ్ పైన లోపలి గాలి వచ్చిపోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది, మన ఎర్రమట్టి దాన్ని మూసేస్తుంది. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి ముడుచుకుని ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లని లాక్కుంటుంది. బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడగండి, వీలైతే దానికి సన్న గొట్టం తగిలించి బాడీ పైదాకా తీసుకెళ్లండి. ఖర్చు తక్కువ, నా దృష్టిలో పాత జీపుకి చేసే మార్పులన్నిట్లో విలువైనది ఇదే. గేర్ ఆయిల్ మార్చేటప్పుడు పైన పోసే ప్లగ్గు ముందు ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది ప్లగ్గు విప్పండి. దింపిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, సీలు మార్చాల్సిందే.

ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. పీవీసీ పైపుతో స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలిని పైనుంచి తెచ్చే గొట్టం) కట్టుకునేవాళ్లు అతుకులన్నీ గాలి పోకుండా బిగించకపోతే అది ఉన్నా దండగే. నీళ్లలో బండి ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకండి. నీరు నొక్కుకుపోదు, సిలిండర్లో చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బయటికి లాగించి, నాజిళ్లు విప్పి, ఇంజిన్ తిప్పి నీళ్లు వెళ్లగొట్టాకే స్టార్ట్ చెయ్యాలి.

వైరింగుకి బ్యాటరీ నెగటివ్ ముందు తియ్యండి, చివర్లో పెట్టండి. పన్నెండు వోల్టుల మీద 60 వాట్ల బల్బులు రెండు పది ఆంపియర్లు లాగుతాయి, పాత స్విచ్చి దానికే వేడెక్కుతుంది, ఇంకా పెద్ద బల్బులు వెయ్యాలంటే రిలే (స్విచ్చి మీద భారం పడకుండా కరెంటుని తానే కలిపే చిన్న పెట్టె) పెట్టి బ్యాటరీ పక్కనే ఫ్యూజు వెయ్యాలి. డీజిల్ ట్యాంకు కారుతుంటే ఖాళీ చేశాం కదా అని వెల్డింగ్ పెట్టించకండి, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

పెద్ద టైర్ల సంగతి: బ్రేకుల మీదా స్టీరింగ్ మీదా భారం పెరుగుతుంది, పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అసలు సైజులోనే మంచి గళ్ల టైర్లు వేసుకోండి. ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్‌లు లాక్ చేసి ఫోర్ వీల్ పడుతుందో లేదో మట్టి నేల మీద ఇప్పుడే చూసుకోండి, తారు రోడ్డు మీద వద్దు.

ఇన్ని చేశాక కూడా పారే నీళ్లని తక్కువ అంచనా వెయ్యకండి. 2017 జులైలో నాగావళి నదికి ఒక్కసారిగా వరదొచ్చి సింగపూర్ రోడ్, తెరువలి స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. రెండడుగుల ప్రవాహం జీపుని కూడా పక్కకి తోసేస్తుంది. అడుగు కనిపించకపోతే ఆగండి, ఎవరు హారన్ కొట్టినా సరే. దాటాక బ్రేకు మీద తేలిగ్గా కాలు పెట్టి కొంత దూరం నడిపి షూలు ఆరనిచ్చి, పెడల్ మామూలుగా పట్టిందని తెలిశాకే స్పీడు పెంచండి.