రెక్క మీద ముడత ఎటు పోతోంది? ఆర్‌సీ విమానం కవరింగ్: సమస్య - పరిష్కారం

ఎండలు ముదిరాయంటే, ఆర్‌సీ విమానాలు (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలు) ఉన్నవాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, చలికాలంల డప్పు లెక్క ఉండె రెక్క. ఇయ్యాల అటక మీదికెళ్లి తీసిన, అంతా ముడతలే. హీట్ గన్ పెట్టాల్నా?"

పెట్టొద్దు. కనీసం ఇప్పుడే పెట్టొద్దు.

డప్పు అన్నాడు కాబట్టి దానితోనే చెప్తాను. తోలు వదులైతే మంట దగ్గర కాగబెడతారు. తేమ పోయి తోలు బిగుస్తుంది. రేపు మళ్లీ వదులైతే మళ్లీ కాగబెట్టొచ్చు. రెక్క మీద వేడితో అతికించే మన ప్లాస్టిక్ ఫిల్మ్ అలాంటిది కాదు. ఫ్యాక్టరీలోనే దాన్ని సాగదీసి ఉంచుతారు. వేడి తగిలితే ఆ సాగిన మేరకు వెనక్కి ముడుచుకుంటుంది, అంతే. ఎంత ముడుచుకోగలదో దానికి ఒక హద్దుంది. హీట్ గన్ (వేడి గాలి ఊదే పనిముట్టు) తిప్పిన ప్రతిసారీ అందులోంచి కొంత ఖర్చవుతుంది. కారణం తెలియకుండా ఖర్చు పెడితే రెండో ఎండాకాలానికి ఏమీ మిగలదు. అందుకే ముడత ఎక్కడ పడింది, ఎటు పోతోంది, ఎప్పుడు వచ్చింది అన్నవి ముందు చూడాలి.

అసలు పనికి ముందు: ఇస్త్రీ వేడి

సగం సమస్యలు ఇక్కడే పుడతాయి. ఫిల్మ్‌కు రెండు వేడిమెట్లు ఉంటాయి. ఒకటి జిగురు పట్టుకునే వేడి, రెండోది ఫిల్మ్ బిగుసుకునే వేడి. ఒరాకవర్‌కు (ఇదొక ఫిల్మ్ బ్రాండు, అమెరికాలో అల్ట్రాకోట్ పేరుతో అమ్మేది ఇదే) జిగురు సుమారు 100-110 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టుకుంటుంది, ఫిల్మ్ 150 దగ్గర బిగుస్తుంది. మోనోకోట్‌కు (ఇంకో బ్రాండు) రెండూ ఇంకాస్త ఎక్కువ కావాలి. పేరు తెలియని చవక రోల్ అయితే ఒక ముక్క కోసి, పనికిరాని బాల్సా (ఈ విమానాలు కట్టే తేలికపాటి కర్ర) మీద పరీక్షించి చూడండి.

ఇందులో తిరకాసు ఏంటంటే, ఫిల్మ్ బిగిసే వేడి దగ్గర జిగురు మెత్తగా ఉంటుంది. అంటే రెక్క మధ్యలో బిగిద్దామని హీట్ గన్ పెట్టి, అదే ఊపులో అంచు మీదికి తీసుకెళ్తే, బిగుస్తున్న ఫిల్మ్ అంచును తనవైపు లాగేసుకుంటుంది. మధ్యలో ముడత పోతుంది, అంచు ఊడుతుంది. తెల్లారి మధ్యలో మళ్లీ ముడత.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉన్నవాళ్లు దాన్ని మెరిసే ఇస్త్రీ పలక మీద నేరుగా గురిపెట్టొద్దు, అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పలకకు నూలు బట్ట తొడుగు వేసి, ఆ బట్ట మీద కొలవండి. తొడుగు ఎలాగూ కావాలి, లేకపోతే ఫిల్మ్ మీద గీతలు పడతాయి. ఇంట్లో బట్టల ఇస్త్రీ పెట్టెతో చేసేవాళ్లూ ఉన్నారు. చేయొచ్చు, కానీ ఆవిరి రంధ్రాలు లేనిదైతేనే.

ఇంకో మాట. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. గాలికి ఫిల్మ్ ఒకచోట చల్లారి, ఒకచోట వేడిగా ఉండి, అతుకులు అతుకులుగా బిగుస్తుంది. మే నెలలో హన్మకొండలో ఫ్యాన్ ఆపి హీట్ గన్ పట్టుకోవడమంటే మాటలు కాదు. అందుకే ఈ పని నేను తెల్లవారుజామున పెట్టుకుంటాను.

రెక్కంతా సన్నటి ముడతలు, రిబ్స్ (రెక్క లోపలి అడ్డపట్టీలు) మధ్య ఫిల్మ్ వదులు

వేసవిలో ఎక్కువగా కనిపించేది ఇదే. తప్పు ఫిల్మ్‌ది కాదు, కర్రది. బాల్సా గాలిలో తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వానాకాలంలో కవరింగ్ వేసిన రెక్క మార్చి, ఏప్రిల్ పొడి వేడికి చిన్నదవుతుంది. ఫిల్మ్ మాత్రం పాత కొలతలోనే ఉంటుంది. లావు తగ్గిన మనిషికి చొక్కా వదులైనట్టు. సముద్ర తీరపు ఫ్యాక్టరీలో కవరింగ్ వేసి పెట్టెలో వచ్చే, దాదాపు సిద్ధంగా ఉండే ఏఆర్‌ఎఫ్ విమానాలదీ ఇదే కథ. పెట్టె విప్పిన రోజు బాగుంటాయి, మన దగ్గర రెండు వారాలు ఉండేసరికి నలుగుతాయి.

ఏం చేయాలంటే, పెట్టె విప్పగానే తొందరపడకండి. రెక్కను ఇంట్లో నీడన కొన్ని రోజులు ఉంచి, కర్ర మన గాలికి అలవాటు పడ్డాకే మొదలుపెట్టండి. మొదట ఇస్త్రీని జిగురు వేడికి పెట్టి అంచులన్నీ, అతుకులన్నీ, లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు), ట్రైలింగ్ ఎడ్జ్ (వెనకంచు), రెక్క చివర, ఎయిలరాన్ (రెక్క వెనక కదిలే భాగం) సందు అన్నీ ఒక చుట్టు నొక్కుకుంటూ రండి. ఆ తర్వాతే వేడి పెంచి మధ్య ఖాళీలు బిగించండి. కింది వైపు ఒక గది (రెండు రిబ్స్ మధ్య ఖాళీ) చేస్తే పై వైపు అదే గది చేయండి, ఒకవైపే పూర్తి చేసుకుంటూ పోవద్దు. ఎందుకో తర్వాతి సమస్యలో తెలుస్తుంది. హీట్ గన్ వాడితే అతుకు మీద తడిపి పిండిన బట్ట వేసి ఉంచండి, అక్కడి జిగురు కరగదు.

కారులో వదిలేసిన విమానం ఇదే సమస్యకు పెద్దన్న. ఎండలో నిలిపిన కారు లోపల, అద్దం కింద, నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు ఫిల్మ్ విపరీతంగా కాగుతుంది. జిగురు పూర్తిగా కరగకపోయినా మెత్తబడి జరుగుతుంది. పాత తెల్ల దుప్పటి ఒకటి కప్పితే చాలు. ఈ ఎండలున్న ఊళ్లో రెక్క పైభాగానికి నల్ల ఫిల్మ్ ఎవరైనా అడిగితే నేను వద్దనే చెప్తాను.

ఏటవాలుగా, మూల నుంచి మూలకు పోయే ముడతలు

ఇది చూస్తే ఆగాలి. ఇక్కడ ముడత కన్నా రెక్క మెలిక ముఖ్యం. ముడత మూల నుంచి మూలకు లాగినట్టుందంటే రెక్క మెలి తిరిగింది, లేదా మెలి తిరిగి ఉన్నప్పుడు ఫిల్మ్ వేశారు.

నా మొదటి బాల్సా ట్రైనర్‌తో ఈ తప్పు నేనే చేశాను. ఎడమ రెక్క పైన ముడతలు కనిపించాయి. హీట్ గన్ తీసుకుని పైభాగమంతా అద్దంలా చేశాను, కింది వైపు ముట్టుకోలేదు. పైన బిగిసిన ఫిల్మ్ సన్నటి ట్రైలింగ్ ఎడ్జ్‌ను తనతో పాటు పైకి లాగింది. ధర్మసాగర్ దారిలో కోతలైపోయిన పొలంలో ఎగరేశాం. చేతిలోంచి వదలగానే ఎడమకు ఒరిగింది. రేడియోలో ఎయిలరాన్ ట్రిమ్ (ఒరగకుండా సరిచేసే మీట) చివరి దాకా కుడికి జరిపినా సరిపోలేదు. నేలకు దించాక కొలిస్తే రెక్క చివర నాలుగు మిల్లీమీటర్ల మెలిక. చూడటానికి మాత్రం ఒక్క ముడత లేదు!

ముందు రెక్కను సమతలంగా ఉన్న చోట పెట్టి చూడండి. వంటింటి గ్రానైట్ గట్టు దీనికి భేషైనది, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే. (కరీంనగర్ గ్రానైట్ ఉన్న జిల్లాల్లో మనకు గట్టుకేం కొదవ.) అడుగు చదునుగా ఉన్న రెక్క అయితే నాలుగు మూలలూ ఆనాలి. ప్లాన్‌లో రెక్క చివర కావాలనే కొంచెం మెలిక ఇచ్చి ఉంటే, ట్రైలింగ్ ఎడ్జ్ కింద అంత మందం అట్టముక్క పెట్టి కొలవండి, దాన్ని పోగొట్టొద్దు.

రెక్క సరిగ్గా ఆని, ముడతలు మాత్రమే ఉంటే బరువులు పెట్టి గట్టు మీదే బిగించండి. రెక్క లేస్తోంటే ఇద్దరు కావాలి. ఒకరు రెక్కను వ్యతిరేక దిశలో, కావలసిన దానికన్నా కాస్త ఎక్కువే మెలితిప్పి పట్టుకోవాలి. ఇంకొకరు పైన వేడి చూపించాలి, తర్వాత కింద. చల్లారేదాకా పట్టు వదలొద్దు. ఫిల్మ్ వేడిలో బిగుసుకుంటుంది కానీ ఆకారం నిలిచేది చల్లారాకే. ఒక్కసారికి కుదరదు, రెండు మూడు సార్లు చేసి మళ్లీ గట్టు మీద చూడండి.

పలక వేసిన చోట బుడగలు

లీడింగ్ ఎడ్జ్ దగ్గర, బాడీ పక్కల బాల్సా షీట్ మీద పొక్కుల్లా లేస్తాయి. కింద గాలి చిక్కుకుంది. ఎండకు ఆ గాలి వ్యాకోచించి ఫిల్మ్‌ను పైకి లేపింది. ఉప్పు కాగితంతో రుద్దిన పొడి సరిగ్గా తుడవకపోయినా ఇంతే, జిగురు కర్రను కాకుండా పొడిని పట్టుకుంటుంది.

ఇక్కడ హీట్ గన్ పూర్తిగా తప్పు మందు, లోపలి గాలిని ఇంకా కాచి బుడగను పెంచుతుంది. సన్నని గుండుసూదితో బుడగ మీద రెండు మూడు చోట్ల గుచ్చండి. ఇస్త్రీని జిగురు వేడికే ఉంచి మధ్యలోంచి బయటికి నెమ్మదిగా తోయండి. ఇస్త్రీ వెనకాలే రెండో చేత్తో మెత్తటి బట్ట ఉండతో అదిమి, చల్లారనివ్వండి. ఈ అదమడం మానేసేవాళ్లకే బుడగలు తిరిగొస్తాయి.

ఫిల్మ్ మీద ఫిల్మ్ వేసిన రంగు పట్టీల కింద బుడగలూ ఇదే జాతివి. కిందిది గాలి చొరనివ్వదు కాబట్టి పైదానికి గుచ్చక తప్పదు.

వేడి చూపిస్తుంటే ఉబ్బి, చల్లారాక కుంగిపోయే గది

నాలుగు వైపులా మూసుకుపోయిన గదిలో గాలికి దారి లేదు. వేడికి ఉబ్బి ఫిల్మ్‌ను ఎత్తుతుంది, చల్లారాక ఫిల్మ్ సంచిలా వేలాడుతుంది. కింది వైపు, రిబ్ పక్కన ఒక్క సూది రంధ్రం చేసి మళ్లీ బిగించండి. కొత్తగా కడుతున్నవాళ్లు ఒక్కో రిబ్‌లో చిన్న రంధ్రం ముందే పెట్టుకుంటే ఈ గొడవే లేదు.

రెక్క చివర వంపులో మడతలు

రెండు వైపులా వంగే చోట ఫిల్మ్ మడత పడటం సహజం. అంచును ఇస్త్రీతో వేడిచేసి ఊడదీయండి. ఒకరు హీట్ గన్ చూపిస్తుంటే నూలు గ్లౌజు వేసుకున్న చేత్తో ఫిల్మ్‌ను సాగదీస్తూ వంపు దాటించి, కింద అతికించండి. లాగడం ముఖ్యం, ఇక్కడ వేడి ఊరికే సాయం. అయినా మడత మిగిలితే కింది వైపు, కనపడని చోట, కోసి ఒకదాని మీద ఒకటి వేయండి.

ఇంజిన్ వెనక అతుకు లేచిపోవడం

నైట్రో ఇంజిన్ (నూనె కలిపిన ఇంధనంతో నడిచేది) అయితే నూనే కారణం. సైలెన్సర్ నూనె అతుకు కిందికి పాకితే ఎంత ఇస్త్రీ చేసినా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కర్ర లోపలికి ఇంకి ఉంటే ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి రాత్రంతా వదిలి, పొద్దున దులిపి, మళ్లీ చల్లండి. కర్ర ఆరాకే కొత్త పట్టీ.

థర్మోకోల్ రెక్క

కాలేజీ ప్రాజెక్టుల్లో ఇవే ఎక్కువ. ఇక్కడ హీట్ గన్ ఊసే వద్దు, ఫిల్మ్ బిగిసే లోపే థర్మోకోల్ కుంగి గుంట పడుతుంది. తక్కువ వేడికి అతికే ఫిల్మ్ తీసుకుని ఇస్త్రీతోనే, నెమ్మదిగా. బాల్సా విమానమైనా సరే, పైలట్ అద్దం దగ్గరికి వస్తే వంటింటి అల్యూమినియం ఫాయిల్ అడ్డం పెట్టండి, లేదంటే ఆ ప్లాస్టిక్ వంకరపోతుంది.

ఎంత వేడి చూపించినా కదలని ముడత

ఆ ఫిల్మ్ పని అయిపోయింది. ఇంకా పెడితే రంధ్రమే. ఆ ఒక్క గది మార్చండి. కొత్త బ్లేడుతో, కర్ర తెగకుండా, చుట్టూ ఆరేడు మిల్లీమీటర్ల పాత అంచు వదిలి కోసేయండి. కొత్త ముక్క ఆ అంచు మీద పూర్తిగా కూర్చునేలా కత్తిరించి, ముందు నాలుగు వైపులా ఇస్త్రీతో అతికించండి. చల్లారాక మధ్యలో మాత్రం, అంచుకు ఒక వేలు దూరం ఉంచి, బిగించండి. రంగు కాస్త తేడా వస్తుంది, పాతది ఎండకు వెలిసి ఉంటుంది కదా. ఎగురుతుంటే కనపడదు.