డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామును దానికి కావాల్సినవన్నీ కలిపి విడిగా నడిపే పెట్టెలో) బొమ్మల ఏఐ మోడల్ నడిపే ముందు

• మొదట హోస్ట్‌లోనే (కంటైనర్‌ను నడిపే అసలు కంప్యూటర్‌లోనే) ఎన్విడియా-ఎస్ఎంఐ (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్, దాని డ్రైవర్ వివరాలు చూపే కమాండ్) నడిపి చూడండి. డ్రైవర్ ఉండాల్సింది అక్కడే. అది మరీ పాతదైతే కొత్త క్యూడా (ఎన్విడియా జీపీయూ సాఫ్ట్‌వేర్) ఉన్న డాకర్ ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే మూస) పనిచేయదు.

• డాకర్ రన్ కమాండ్‌లో జీపీయూల ఆప్షన్ (--gpus) మరిచిపోతే చాలా ప్రోగ్రాములు ఎర్రర్ కూడా చూపవు. సీపీయూ మీద నత్తనడక నడుస్తాయి, అదే చిక్కు.

• డాకర్ మామూలుగా ఇచ్చే షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు డేటా పంచుకునే చోటు) 64 ఎంబీ. పైటార్చ్ (ఏఐ మోడళ్ల లైబ్రరీ) డేటాలోడర్ వర్కర్లు, అంటే డేటాను చదివి అందించే ప్రాసెస్‌లు, బొమ్మల బ్యాచ్‌లను దాని గుండానే పంపుతాయి. అది నిండితే బస్ ఎర్రర్ వస్తుంది. 8 జీబీకి పెంచండి, కుదరకపోతే వర్కర్లను 0 చేయండి. నెమ్మదిగానైనా పని ఆగదు.

• అసలు బొమ్మల ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేయండి, అంటే కంటైనర్‌కు కలపండి. ఫలితాలకు వేరే ఫోల్డర్ మౌంట్ చేయకపోతే కంటైనర్‌ను తీసేసినప్పుడు అవీ దానితోపాటే పోతాయి.

• డాకర్ ఇమేజ్ పేరుకు లేటెస్ట్ ట్యాగ్ (వెర్షన్ గుర్తు) వద్దు, కచ్చితమైన వెర్షన్ రాయండి.