అమెరికా ఫెడరల్ కేసులో క్రిమినల్ లాయర్‌ను ఎలా పెట్టుకోవాలి?

"అన్నా, మా తమ్ముణ్ణి పొద్దున్నే ఎఫ్‌బీఐ వాళ్లు తీసుకెళ్లారు. హెచ్‌1బీ ఫైల్ చేసిన లాయర్ ఉన్నాడుగా, ఆయన్నే పెట్టేశాం." డెట్రాయిట్ చుట్టుపక్కల ఇలాంటి కుటుంబాల వెంట లాయర్ల ఆఫీసులు తిరగడం నాకు అలవాటైపోయింది. వీసా లాయర్‌కు క్రిమినల్ కేసు అప్పజెప్పే ఈ మాట వినీ వినీ విసుగొచ్చే ఇది రాస్తున్నాను.

ముందు నోరు మూసుకోవాలి. ఏజెంట్లు తలుపు కొడితే "లాయర్ లేకుండా మాట్లాడను" అనండి, అంతే. తప్పు చేయలేదు కాబట్టి చెప్తే వదిలేస్తారని మనవాళ్ల నమ్మకం. కానీ ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఏజెంట్‌కు అబద్ధం చెప్పడమే విడిగా ఒక నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు ఫోన్లు రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడినా సరే. వాట్సాప్ గ్రూపులో కేసు వివరాలు పెట్టకండి.

తర్వాత, కేసు కాగితం పైన ఏ డిస్ట్రిక్ట్ కోర్టు పేరుందో చూడండి. దేశంలో 94 ఫెడరల్ డిస్ట్రిక్టులున్నాయి. డెట్రాయిట్ అయితే ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ మిషిగన్. ఆ కోర్టులో రోజూ కనిపించే లాయరే కావాలి. స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో లైసెన్స్ చూసుకోండి, రెండు నిమిషాల పని. పేసర్ అనే ఫెడరల్ కోర్టు సైట్‌లో ఆ లాయర్ వాదించిన క్రిమినల్ కేసులు వెతకండి. పేజీకి పది సెంట్లు. ఏమీ దొరక్కపోతే ఆయన ఆఫీసులో పాలరాయి ఎంత మెరిసినా వెనక్కి వచ్చేయండి. హైవే హోర్డింగుల మీద నవ్వే లాయర్లను నేనైతే లిస్టులోకే రానివ్వను.

డబ్బు లేదా? ఫెడరల్ డిఫెండర్ ఉంటారు. ఆదాయం, ఆస్తి వివరాలు ప్రమాణపూర్వకంగా రాసిస్తే కోర్టే లాయర్‌ను ఇస్తుంది, సిటిజన్ కాకపోయినా. "ఉచిత లాయరా!" అని ముఖం చిట్లించి ఊళ్లో రెండెకరాలు అమ్మి పంపిన తండ్రిని చూశాను. వచ్చిన ప్రైవేటు లాయర్‌కు ఫెడరల్ శిక్షల లెక్క కూడా సరిగ్గా తెలియదు. డిఫెండర్లకు రోజూ ఇదే పని. తెలుగు లాయరే కావాలని పట్టుబట్టడమూ అంతే. భాష రాకపోతే కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌ను ఇస్తారు.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు, లాయర్‌తో మొదటి మీటింగ్. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చోవాలి. మనవాళ్లు అరగంటా కథ చెప్పి, చివర్లో ఫీజెంతో అడిగి లేచేస్తారు. అడగాల్సింది వేరే ఉంది.

ఈ మధ్య ఏ ఫెడరల్ కేసులు చేశారు, ట్రయల్ దాకా ఎన్ని వెళ్లాయి అని అడగండి. కోర్టులో నిలబడేది మీరా, మీ జూనియరా అనీ అడగండి. "బయటికి తెచ్చేస్తా" అని మాటిచ్చేవాణ్ణి వదిలేయండి. గెలిస్తేనే ఫీజు అన్నా అంతే, క్రిమినల్ కేసుల్లో అలాంటి ఒప్పందం నిషిద్ధం.

అన్నిటికన్నా ముఖ్యం వీసా సంగతి. నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేయడం) ముప్పుందా లేదా అన్నది లాయర్ చెప్పాల్సిందేనని పడియా వర్సెస్ కెంటకీ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చాలామంది "ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి" అని దాటేస్తారు. మోసం కేసులో నష్టం పది వేల డాలర్లు దాటిందని తేలితే, ఇమిగ్రేషన్ చట్టంలో అది అగ్రవేటెడ్ ఫెలొనీ, అంటే తీవ్ర నేరం. జైలు లేకుండా ప్రొబేషన్‌తో బయటపడినా డిపోర్టేషన్ దాదాపు ఖాయం. అందుకే ప్లీ అగ్రిమెంట్‌లో (నేరం ఒప్పుకుంటూ ప్రాసిక్యూటర్లతో చేసుకునే ఒప్పందంలో) నష్టం అంకె ఎంత రాశారు అన్నదే నేను మొదట చూస్తాను. క్రిమినల్ లాయర్, ఇమిగ్రేషన్ లాయర్ ఇద్దరూ మాట్లాడుకుని, ఆ సలహాను రాతపూర్వకంగా ఇచ్చేదాకా సంతకం పెట్టవద్దు. 2019 జనవరిలో ఇమిగ్రేషన్ ఏజెంట్లే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు, విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది రిక్రూటర్లపై ఫెడరల్ క్రిమినల్ కేసు పెట్టారు, పట్టుబడిన విద్యార్థులను మాత్రం ఇమిగ్రేషన్ కోర్టుకు పంపారు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ను ఇవ్వరు. మీవాడు ఏ దారిలో ఉన్నాడో, రెండిట్లోనూ ఉన్నాడేమో, ఆ మీటింగ్‌లోనే తేల్చుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. మీవాడు పనిచేసే కన్సల్టెన్సీ ఓనర్ ఫోన్ చేసి "టెన్షన్ పడకు తమ్ముడూ, మన లాయరే చూసుకుంటాడు, ఫీజు నేనిస్తా" అంటాడు. ఓనర్ మీద సాక్ష్యం చెప్తే మీవాడి శిక్ష తగ్గే కేసులో, ఓనర్ డబ్బు తీసుకునే లాయర్ ఆ మాట మీవాడికి చెప్తాడా? డబ్బెవరిచ్చినా లాయర్ క్లయింట్‌కే జవాబుదారీ అని రూల్ ఉంది. నేను మాత్రం ఆ రూల్‌ను నమ్ముకుని కూర్చోను. ఇద్దరు నిందితులకు ఒకే లాయర్ కూడా వద్దు, సొంత అన్నదమ్ములైనా సరే.

చివరిది ఫీజు ఒప్పందం. ప్లీ దాకానా, ట్రయల్ దాకానా, శిక్ష ఖరారయ్యేదాకానా అన్నది స్పష్టంగా రాయించుకోండి. అప్పీలు నోటీసు వేయడానికి తీర్పు నమోదైన రోజు నుంచి 14 రోజులే గడువు. అది ఎవరు వేస్తారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.